మారుపేరుతో చేరిన గది

పదేళ్లకు పైగా నేనొక గ్రూపు నడిపాను. ఒడిశాలోని గంజాం జిల్లాలో తెలుగు మాధ్యమంలో పాఠాలు చెప్పే టీచర్ల గ్రూపు అది. అందరి ఫోన్లలోనూ ఉండే యాప్‌లోనే పెట్టాను. బరంపురంలో ఒకసారి మాకు శిక్షణ జరిగినప్పుడు, మధ్యాహ్నం భోజనాల వరుసలో నిలబడి, నా ముందున్నవాళ్లవీ వెనకున్నవాళ్లవీ నంబర్లు అడిగి ఎక్కించుకున్నాను. అలా ఓ ఇరవై మందితో మొదలైంది. తర్వాత ఒకరిని చూసి ఒకరు చేరి రెండు వందలు దాటారు.

మా పనిలో సగం అనువాదమే. కాగితాలు ఒడియాలో వస్తాయి, నమూనా ప్రశ్నలు ఒడియాలో ఉంటాయి, పిల్లలు తెలుగులో చదువుతారు. ఫలానా ఒడియా మాటకి సరైన తెలుగు మాట ఏదో తేలక చాలామంది తటపటాయిస్తారు. నేను తెలుగు టీచర్ని. మా నాన్న రైల్వే ఉద్యోగం మీద ఈ ఊరొచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, రెండూ నాకు ఒక్కలాగే వచ్చాయి. రోజూ పొద్దున్న ఆరున్నరకి ఒక ఒడియా మాట, దాని పక్కన తెలుగు మాట గ్రూపులో పెట్టేదాన్ని. పెట్టి, టీ గ్లాసు పట్టుకుని కూర్చుంటే, ఒకదాని వెనక ఒకటి దండం పెట్టే చేతుల బొమ్మలు వచ్చేవి. నలభై దాకా వచ్చిన రోజులున్నాయి. ఎక్కడ మీటింగ్ జరిగినా ఎవరో ఒకరు దగ్గరకొచ్చి, "రోజూ మీ మాట సూసే బడికెల్తామండి" అనేవారు. పైకి మొహమాటంగా నవ్వేదాన్ని. ఆ ఒక్క మాట కోసమే మీటింగులకి వెళ్లేదాన్నని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

మా బడి చికిటి దాటాక వస్తుంది. బరంపురం నుంచి రోజూ బస్సు ప్రయాణం. అదే బస్సులో, నా పక్క సీట్లో, మా బడి సైన్సు టీచరు వచ్చేది. నాకంటే పన్నెండేళ్లు చిన్న. బరంపురంలోనే, గోసాని నువాగాంలో ఇల్లు. నన్ను అక్కా అని పిలిచేది. నాకు సొంత చెల్లెళ్లు లేరు. ఆరేళ్లపాటు ఆ సీట్లో పక్కపక్కన కూర్చుని, ఇంట్లోవాళ్లకి కూడా చెప్పని సంగతులు చెప్పుకున్నాం. నా థైరాయిడ్ బిళ్లలు, మా ఆయన అలకలు, ఆవిడ అత్తగారి మతిమరుపు, అన్నీ ఒకరివొకరికి తెలుసు. ఆవిడకి తెలిసి నాకు తెలియనిది ఏమీ ఉండదనే అనుకునేదాన్ని.

ఒక సోమవారం నా గ్రూపులోంచి ఒకమ్మాయి వెళ్లిపోయింది. మా బడికి రెండు మైళ్ల దూరంలో ఇంకో చిన్న బడి ఉంది. అందులో కొత్తగా చేరిన కాంట్రాక్టు టీచరు ఆ అమ్మాయి. ఇరవై నాలుగో ఇరవై అయిదో ఏళ్లుంటాయి. సరిహద్దు పక్క ఊరు, రైతుబిడ్డ. నెలకోసారి మీటింగుకి మా బడికి సైకిల్ మీద వచ్చేది, హ్యాండిల్‌కి నీలం గొడుగు కట్టుకుని. పొరపాటున వేలు తగిలి ఉంటుందిలే అనుకున్నాను. ఆ వారంలోనే ఇంకో ఇద్దరు ఆడటీచర్లు వెళ్లిపోయారు. మూడు వారాలయ్యేసరికి పదిహేను మంది. అందరూ ఆడవాళ్లే.

"ఏమైంది? ఎందుకు వెళ్లిపోతున్నారు?" అని గ్రూపులో అడిగాను. ఒక్కరూ పలకలేదు. బస్సులో ఆ సంగతి ఎత్తితే సైన్సు టీచరు నా వైపు తిరిగింది.

"అక్కా, నీకో మాట సెప్పాలి. కోపం తెచ్చుకోకు. ఆ సైకిల్ పిల్ల లేదేటి, దానికి ఎవుడో ఫోన్లు సేస్తన్నాడు. రెండు నెల్ల బట్టి. మొదట్ల పాటం గురించి అడిగినట్టే అడిగాడట. తరవాత ఎక్కడున్నావు, ఇయ్యాల ఏ చీర కట్టావు అనీసి మొదలెట్టాడు. నంబరు నీ గ్రూపులోంచే తీసుంటాడు. గ్రూపులో ఎవులు సేరినా అందరి నంబర్లూ కనపడిపోతాయి కదా."

"ఎవడాడు?"

"తెలీదు. నంబర్లు మార్సి మార్సి సేస్తన్నాడు. ఆ పిల్ల సిమ్ము తీసి పారేసింది. అది సెప్పాక మిగతావోళ్లు కూడా ఒక్కొక్కరే బయటపడ్డారు. ఇంచుమించు అందరిదీ అదే బాధ."

"నా గ్రూపులో ఇంత జరిగితే నాకెందుకు సెప్పలేదు?"

ఆవిడ ఆ ప్రశ్నకి జవాబివ్వలేదు. "నాకు సెప్పారక్కా," అంది మెల్లగా.

ఆ పిల్ల మీద జాలి కలగాల్సిన చోట నాకు ముందు కలిగింది జాలి కాదు. నాకు చెప్పలేదు, ఆవిడకి చెప్పారు. పదేళ్లు పొద్దున్నే లేచి మాటలు పెట్టింది నేను. ఎవరింట్లో పెళ్లయినా ఎవరికి బదిలీ అయినా గ్రూపులో అందరికంటే ముందు రాసింది నేను. కష్టమొస్తే వెళ్లింది ఆవిడ దగ్గరికి.

మర్నాడు ఆవిడే మళ్లీ కదిపింది. ఆడటీచర్ల కోసం వేరే చోటొకటి ఏర్పాటు చేశానని చెప్పింది. వేసవి సెలవుల్లో తనే చదువుకుని, తంటాలు పడి, నేర్చుకుందట.

"ఇదీ మాట్లాడుకునే యాపే గాని ఏ కంపెనీదీ కాదక్కా. దీన్ని ఎవులైనా తమ కంప్యూటర్లో పెట్టుకోవచ్చు. మా ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే అందులో పెట్టాను. ఫోన్ నంబరుతో పని లేదు. ఒక పేరు పెట్టుకుని సేరిపోడమే."

"నీ ఇంట్లో కంప్యూటరు పాడైపోతే?"

"అదే దీన్లో గొప్ప. పోస్టాఫీసులు సూడు. బరంపురం పోస్టాఫీసు వేరు, ఇచ్ఛాపురం పోస్టాఫీసు వేరు. అయినా ఇక్కడ రాసిన ఉత్తరం అక్కడికి ఎల్తాది కదా. ఇదీ అంతే. నా సర్వర్లో, అదే నా కంప్యూటర్లో ఉన్నోళ్లు, ఇంకెవుల సర్వర్లోనో ఉన్నోళ్లు, అందరూ ఒకే గదిలో కూకుని మాట్లాడుకోవచ్చు. నాది ఆగిపోయినా ఆ గది ఉంటాది."

"అంటే అందరూ రాసుకునేవన్నీ నువ్వు సదువుతావన్నమాట."

ఆ మాట నేను కావాలనే అన్నాను. ఆవిడ మొహం కొంచెం చిన్నబోయింది గాని ఓపిగ్గానే చెప్పింది. "లేదక్కా. తాళం ఏసిన ఉత్తరాలవి. తాళంచెవి రాసినోళ్ల దగ్గరా, అందుకున్నోళ్ల దగ్గరే ఉంటాది. మద్దిలో నాను కూడా సదవలేను. నువ్వూ రా. నిన్ను సేర్సాకే మిగతావోళ్లని పిలుద్దామనుకున్నాను. ఈలోపే ఆ పిల్ల ఏడుస్తా వచ్చింది, ముందు దాన్ని సేర్సాను."

రానన్నాను. నా గ్రూపు నాకు చాలన్నాను. అంతటితో ఆగలేదు. ఆ సాయంత్రమే గ్రూపులో ఒక హెచ్చరిక పెట్టాను. "ఊరూ పేరూ లేని యాప్‌లు ఫోన్లలో పెట్టుకోకండి. మోసపోవద్దు." ఎవరినీ ఉద్దేశించి రాయలేదు. రాయకపోయినా ఎవరి గురించో అందరికీ తెలుసు. నంబర్లు బయటపడుతున్న సంగతి గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. అది రాస్తే తప్పు నా గ్రూపుదవుతుంది.

ఆ చలికాలం దాటేసరికి నా పొద్దుటి మాటకి వచ్చే దండాలు ఐదారుకి పడిపోయాయి. వాటిలో ఒకటి మా ఆయనది. ఆయన టీచరు కాదు, రైల్వేలో పనిచేస్తాడు. నా పోరు పడలేక గ్రూపులో చేరాడు. "ఏటి, ఇయ్యాల మాట బాగులేదా, ఎవులూ దండం ఎట్టలేదు," అని ఒకరోజు నవ్వుతూ అన్నాడు. ఆ రోజు నేను ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

ఒక ఆదివారం సైన్సు టీచరు ఇంటికి రమ్మంటే వెళ్లాను. వెళ్లకపోతే కుళ్లుకుంటున్నానని అనుకుంటుందేమోనని. అప్పటికే అక్కడ ఏడెనిమిది మంది టీచర్లు చాప మీద కూర్చుని, ముఢీలో, అదే మరమరాల్లో, ఉల్లిపాయ ముక్కలు కలుపుకుని తింటున్నారు. సైకిల్ అమ్మాయి కూడా ఉంది. నన్ను చూడగానే అందరూ లేచి నిలబడి దండాలు పెట్టారు. నేను కూర్చున్నాక మాటలు తగ్గిపోయాయి. నేను రాకముందు గుమ్మం దాకా వినిపించిన నవ్వులు మళ్లీ వినపడలేదు. పెద్దావిడని గౌరవించినట్టే ఉంది, పరాయిదాన్ని చూసినట్టూ ఉంది.

కంప్యూటర్ చూపించమన్నాను. వంటింట్లో పప్పుల డబ్బాలుండే అలమర కింద, ఇన్వర్టర్ పక్కన, తెర కూడా లేని ఒక నల్లటి పెట్టె. దాని మీద దుమ్ము పడకుండా పాత లుంగీ ముక్క కప్పింది. ఒక చిన్న ఆకుపచ్చ దీపం వెలుగుతూ ఉంది.

"ఇదేనా?" అన్నాను.

"ఇదేనక్కా."

ఇంత చిన్న పెట్టె నా రెండు వందల మందిని లాక్కుపోయిందని మనసులో అనుకున్నాను. ఆవిడ భర్త టీ పెట్టి తెచ్చి అందరికీ ఇస్తున్నాడు. "మా ఆవిడ సెలవులన్నీ దీని ముందే కూకుందండి, అన్నం తినమన్నా ఇనలేదు," అని గర్వంగా చెప్పాడు. ఆ గర్వాన్ని కూడా ఓర్చుకోలేకపోయాను. నా గ్రూపు గురించి మా ఆయన ఏనాడూ అలా ఎవరితోనూ చెప్పలేదు.

ఇంటికి తిరిగొచ్చాక, ఆ మధ్యాహ్నమే, నేను చేసిన పని ఇన్నాళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

ఆవిడ చెప్పిన యాప్‌నే నా ఫోన్‌లో దింపుకున్నాను. ఆవిడ సర్వర్‌లో కాకుండా, ఎక్కడో వేరే రాష్ట్రంలో కొందరు ఉచితంగా నడిపే సర్వర్‌లో ఖాతా తెరిచాను. పేరు అడిగితే, ఆ క్షణంలో తోచింది మొగలిపొద. మా గంజాంలో మొగలిపూలకి కొదవ లేదు కదా. ఫోన్ నంబరు అడగలేదు, ఊరు అడగలేదు. గదిలోకి రావడానికి అనుమతి కోరుతూ రెండు ముక్కలు రాయాలి. "శ్రీకాకుళం వైపు తెలుగు టీచర్ని, చేర్చుకోండి," అని రాశాను. శ్రీకాకుళం నుంచి ఒకావిడ అప్పటికే గదిలో ఉందని, తనకి తెలిసినవాళ్లని తీసుకొస్తోందని వాళ్లింట్లో మాటల్లో విన్నాను. ఆవిడ తాలూకు మనిషే అనుకుని కాబోలు, పావుగంటలో సైన్సు టీచరు నన్ను లోపలికి రానిచ్చింది.

నా వెనక నా గురించి ఏమనుకుంటున్నారో చూద్దామనే వెళ్లాను. నన్ను తిట్టుకుంటారని, వెక్కిరిస్తారని, నా హెచ్చరిక గురించి నవ్వుకుంటారని అనుకున్నాను. అలా ఏదైనా దొరికితే ఆవిడని నిలదీసి అడగొచ్చని ఆశ. వారం రోజులు ఒక్క ముక్క రాయకుండా చదివాను. నా పేరు ఎక్కడా రాలేదు. మంచికీ రాలేదు, చెడ్డకీ రాలేదు. ఎనిమిదో తరగతి లెక్కలు, మధ్యాహ్న భోజనంలో గుడ్లు, ఒకావిడ మోకాలి నొప్పి, ఇంకొకావిడ కూతురి పరీక్షలు, ఇవే మాటలు. నేను లేని లోటు వాళ్లకి ఎక్కడా లేదు. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

పదో రోజున సైన్సు టీచరే గదిలో ఒక ప్రశ్న వేసింది. వెలుతురు పాఠంలో ఒడియాలో రెండు మాటలున్నాయి, ప్రతిఫళన, ప్రతిసరణ. పిల్లలు రెండూ కలిపేసుకుంటున్నారు, తెలుగులో ఎలా చెప్పాలని. ఎవరెవరో ఏవేవో రాశారు. ఒకావిడ రెండింటికీ ఒకే మాట రాసేసింది. నా చెయ్యి ఆగలేదు. ప్రతిఫళన అంటే పరావర్తనం, అద్దానికి తగిలి వెనక్కి తిరిగి రావడం, ప్రతిసరణ అంటే వక్రీభవనం, నీళ్లలో పెట్టిన పుల్ల వంగినట్టు కనపడడం, వంకర అన్న మాటతో ముడిపెడితే పిల్లలు మర్చిపోరు అని విడమరిచి రాశాను. దండాల బొమ్మలు వరసగా వచ్చాయి. చాలా రోజుల తర్వాత, వాటిని చూస్తూ కూర్చుంటే నా టీ చల్లారిపోయింది.

మర్నాడు బస్సులో సైన్సు టీచరు ఎక్కుతూనే చెప్పింది. "అక్కా, మా గదిలోకి ఒకావిడ వచ్చింది. మొగలిపొద అని పేరెట్టుకుంది. ఏటి తెలుగనుకున్నావు. ఒక్క మాటలో తేల్సేసింది. అలగ సెప్పేవోళ్లని నానింతవరకూ సూడలేదు."

"ఎవరావిడ?" అన్నాను.

"తెలీదు. సీకాకులం వైపట. పెద్దావిడే అయ్యుంటాది."

ఆరేళ్లు పక్కన కూర్చున్న నాకు ఆ మాట ఒక్కనాడూ చెప్పలేదు. పదేళ్ల నా పొద్దుటి మాటల గురించి కూడా ఎప్పుడూ అలా అనలేదు. ఎవరో తెలియని మొగలిపొదని, ఒక్క రోజులో, నా మొహం మీదే పొగిడింది. నేనే మొగలిపొదనని తెలిసి కూడా ఆ మొగలిపొద మీద నాకు మంటెత్తుకొచ్చింది. నవ్వుకోవాల్సిన సంగతే. ఆ రోజు నవ్వు రాలేదు. "ఒక మాట తెలిసినంత మాత్రాన గొప్పేటి," అన్నాను. ఆవిడ వింతగా చూసింది.

అయినా రాయడం మానలేదు. రోజుకి ఒకటి రెండుసార్లు రాసేదాన్ని. నా సొంత గ్రూపులో పొద్దుటి మాట పెట్టడం బద్ధకమైపోయింది. మారుపేరు వెనక కూర్చుంటే నేను అక్కని కాను, పెద్దావిడని కాను, ఎవరూ లేచి నిలబడరు. అది బాగానే ఉండేది. ఆ బాగుండడంలోనే ఒళ్లు తెలియకుండా ప్రవర్తించాను.

ఒకరోజు సైకిల్ అమ్మాయి గదిలో రాసింది, తరగతి గదిలో తన మాట ఎవరూ వినడం లేదని, తను టీచరుగా పనికిరానేమోనని. అందరూ ధైర్యం చెప్పారు. అందరికంటే బాగా నేనే చెప్పాలనిపించింది. సైన్సు టీచరు కంటే బాగా. ఆ అమ్మాయికి విడిగా, తనొక్కదానికే కనిపించేటట్టు, ఇలా రాశాను. "దిగులుపడకు తల్లీ. అంత ఎండలో నీలం గొడుగు కట్టుకుని సైకిల్ తొక్కుతూ వెళ్లే పిల్లవి, నువ్వు పనికిరాకపోతే ఎవరు పనికొస్తారు."

జవాబు రాలేదు. సాయంత్రం చూస్తే ఆ అమ్మాయి గదిలో లేదు. వెళ్లిపోయింది.

నాకు అప్పటికప్పుడు అర్థం కాలేదంటే నమ్మరు గాని, నిజంగానే అర్థం కాలేదు. ఇంట్లో పనేదో వచ్చి ఉంటుందనుకున్నాను. రెండో రోజు బస్సులో సైన్సు టీచరు మొహం వాడిపోయి ఉంది.

"ఆ పిల్లని మళ్లీ ఎవుడో పట్టుకున్నాడక్కా. ఈసారి మా గదిలోనే. ఆ మొగలిపొద. ఆడదని నమ్మి నానే రానిచ్చాను. నీలం గొడుగు, సైకిలు, అన్నీ తెలుసట. దారిలో ఎక్కడో నిలబడి సూస్తన్నాడు. ఆ పిల్ల బడికెల్లట్లేదు. వాల్ల నాన్న ఉద్యోగం మాన్పించేస్తానంటన్నాడట." ఆవిడ సంచీ ఒళ్లోకి లాక్కుంది. "ఎవులికీ భయం లేని సోటు సేద్దామనుకున్నాను. నా సేత్తోనే తలుపు తీసి పిలిసాను."

నేను చెప్పలేదు. ఆ క్షణంలో చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. చెప్పలేదు సరికదా, చాలాసేపటిదాకా నా మనసులో ఒక మూల, చూశావా, నీ గదిలో కూడా జరిగింది, నా గ్రూపు ఒక్కటే కాదు, అనిపించింది. అలా అనిపించిందని రాయడానికి మనసొప్పడం లేదు గాని అనిపించింది.

ఆ రోజు బడిలో పిల్లలకి వ్యాసం రాయమని చెప్పి కుర్చీలో కూర్చుండిపోయాను. ఒక ఆడపిల్ల నా వల్ల రెండు రోజులుగా ఇంట్లోంచి బయటికి రావడం లేదు. ఎవడో చేసిన పనినే నేనూ చేశాను. వాడికీ నాకూ తేడా నా మనసుకి తెలుసు, ఆ పిల్లకి ఎలా తెలుస్తుంది?

సాయంత్రం తిరుగు బస్సులో, చికిటి దాటాక, చెప్పేశాను. "ఆ మొగలిపొద నానే."

ఆవిడకి వినపడలేదనుకున్నాను. మళ్లీ చెప్పాను. ఫోన్ తీసి చూపించాను. ఆవిడ నా ఫోన్ చేతిలోకి తీసుకుని, నేను ఆ అమ్మాయికి రాసిన ముక్క రెండుసార్లు చదివింది.

"ఎందుకక్కా? రమ్మని పిలిసాను కదా. పేరుతో వచ్చుంటే ముందు కూకోబెట్టేదాన్ని కదా."

"నా దగ్గరున్నోళ్లందరూ నీ దగ్గరికొచ్చేసారు. ఓర్సుకోలేకపోయాను."

ఆవిడ ఫోన్ నా ఒళ్లో పెట్టి, లేచి, ముందు సీట్లో ఖాళీ ఉంటే అక్కడికెళ్లి కూర్చుంది. బరంపురంలో దిగేటప్పుడు మాత్రం ఆగి, "రేపు ఆదివారం. పొద్దున్నే ఆ పిల్ల ఇంటికెల్దాం. నువ్వే సెప్పాలి," అంది.

వెళ్లాం. వాకిట్లో వేరుశెనక్కాయలు ఆరబోసి ఉన్నాయి. వాళ్ల నాన్న గొంతుక్కూర్చుని పుల్లలూ మట్టీ ఏరుతున్నాడు. మంచం వాల్చి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. ఫోన్ చూపించి, రాసింది నేనే, ఇంకెవరూ లేరు, నిన్నెవరూ దారి కాయడం లేదు అని చెప్పాను. ఎందుకు మారుపేరు పెట్టుకున్నానో కూడా చెప్పాను. ఆ పెద్దాయన ముందు అది చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. ఒక ఆడమనిషి ఇలాంటి పని చేస్తుందని ఊహించలేక ఆయన నా మొహంలోకీ సైన్సు టీచరు మొహంలోకీ మార్చి మార్చి చూశాడు.

"మీరా మేడమ్?" అంది ఆ అమ్మాయి. తేలికపడి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మీరని తెలిసిపోతే భయం పోద్దనుకుంటన్నారేటి? మూడు రోజులు తలుపు తియ్యలేదు నాను. చెరుకుతోట పక్కనుంచి ఎల్తే ఆకు కదిలినా ఎవుడో ఉన్నాడనిపించింది."

"తప్పయిపోయిందమ్మా."

"మొదట ఫోన్లొచ్చినప్పుడు ముందు మీకే సెప్దామనుకున్నాను. మీకు సెప్తే గ్రూపులో పెట్టేస్తారని భయమేసింది. ఎవుడాడు, బయటికి రా అనీసి మీరు రాసేస్తారు. అందరికీ నా సంగతి తెలిసిపోద్ది. అందుకే ఆవిడకి సెప్పాను. ఆవిడ ఎవులికీ సెప్పదు."

బస్సులో నేనడిగితే సైన్సు టీచరు జవాబివ్వని ప్రశ్నకి అదీ జవాబు. ఆవిడకి మొదటినుంచీ తెలుసు. నా మనసు నొచ్చుకుంటుందని చెప్పలేదు. ఆ పిల్ల అన్నది నిజమే. నాకు చెప్పి ఉంటే సరిగ్గా అలాగే రాసేదాన్ని. మంచి చేస్తున్నాననుకునే రాసేదాన్ని.

వాళ్ల నాన్న అంతా విని, "మాన్పించీలేనమ్మా. ఎల్లనీ," అని మళ్లీ కాయలు ఏరుకోవడంలో పడ్డాడు. సోమవారం ఆ అమ్మాయి బడికి వెళ్లింది. గదిలోకి మాత్రం నెల దాటాక గాని రాలేదు.

నేను ఆ ఖాతా తీసేశాను. తీసేసిన మర్నాడు గదిలో నలుగురైదుగురు, మొగలిపొదగారు ఏమయ్యారని అడిగారని చాలా రోజులకి సైన్సు టీచరు చెప్పింది. చెప్పి, మొదటిసారి చిన్నగా నవ్వింది. దాదాపు ఇరవై రోజులు నా పక్కనే కూర్చుని కూడా పుస్తకంలోంచి తలెత్తని మనిషి ఆ రోజే మాట్లాడింది. నా పేరుతో గదిలో చేరాను. అప్పటికి ఆవిడ కొత్త పద్ధతి పెట్టింది. ఎవరు చేరాలన్నా, లోపలున్నవాళ్లలో ఒకరు ముందు వాళ్లతో గొంతు విని మాట్లాడాలి. ఆ పద్ధతి ఎందుకొచ్చిందో గదిలో ఎవరికీ చెప్పలేదు. నా గౌరవం అలా కాపాడింది. ఆవిడ మంచితనం కూడా ఒక్కోసారి గుచ్చుకునేది. నేనైతే చెప్పేసేదాన్నేమోనని.

నా పాత గ్రూపులో ఉన్నవాళ్లకి నంబర్ల సంగతి చివరికి రాశాను. ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించమని కూడా రాసి, నెల గడువిచ్చి మూసేశాను. మగటీచర్లు కొందరు విసుక్కున్నారు, ఉన్నదేదో బాగానే ఉంది కదా అని. మిగిలిన ఆడటీచర్లలో కొందరు కొత్త గదికి వచ్చారు, కొందరు రాలేదు. పొద్దుటి మాట కొత్త చోట పెట్టమని ఎవరూ అడగలేదు. అడుగుతారని వారం చూశాను. తర్వాత అడక్కుండానే పెట్టడం మొదలెట్టాను.

వానలు మొదలయ్యాక సైన్సు టీచరు ఒక మాటంది. అందరూ తన పెట్టె మీదే ఆధారపడి ఉండడం తనకి నచ్చడం లేదని, రెండో సర్వర్ ఇంకొకరి ఇంట్లో ఉంటే బాగుంటుందని, మా ఇంట్లో పెడతావా అని. నా మనసు వెంటనే, ఇది కూడా ఆవిడ ఇస్తేనే వచ్చింది, అంది. నోరు మాత్రం సరేనంది. రెండు ఆదివారాలు మా ఇంట్లో నేల మీద కూర్చుని అన్నీ నేర్పింది. మా ఆయన బీరువా పక్కన చోటు ఖాళీ చేసి, "దీన్ని తుడవచ్చా, తుడవకూడదా?" అని ఆవిడనే అడిగాడు.

కిందటి వేసవిలో ఇచ్ఛాపురం వైపు టీచర్లు తామూ ఇలాంటిది పెట్టుకుంటామని, ఎవరైనా వచ్చి చెప్పమని అడిగారు. సైన్సు టీచరుకి పరీక్షల డ్యూటీ పడింది. నన్ను వెళ్లమంది. పాతిక మంది దాకా వచ్చారు. గంటన్నర చెప్పాను. పోస్టాఫీసుల పోలిక చెప్పాను, తాళం వేసిన ఉత్తరాల సంగతి చెప్పాను, కొత్తవాళ్లని గొంతు వినకుండా చేర్చుకోవద్దని రెండుసార్లు చెప్పాను. చివర్లో ముందు వరుసలో ఉన్న ఒకావిడ లేచి, "ఇదంతా మీరే మొదలెట్టారాండి?" అని అడిగింది.

అందరూ నా వైపే చూస్తున్నారు. ఔనంటే కాదనేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. గ్లాసు తీసుకుని మంచినీళ్లు తాగాను.

"కాదమ్మా. మా బడి సైన్సు టీచరు మొదలెట్టింది. నాను తరవాత వచ్చాను," అన్నాను.

వాళ్లు ఆవిడ ఖాతా పేరు అడిగి రాసుకున్నారు. నా పేరు ఎవరూ రాసుకోలేదు. మర్నాడు బస్సులో ఆవిడ ఎలా జరిగిందని ఆత్రంగా అడిగింది. బాగా జరిగిందని, అందరికీ అర్థమైందని, టిఫిన్ కూడా బాగుందని చెప్పాను. ఆ ముందు వరుసావిడ వేసిన ప్రశ్న సంగతి మాత్రం చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.